సాయంత్రం ఆరు నుంచి పది వరకే నెమ్మదించే ఇంటర్నెట్: విజయవాడలోని ఒక ఇంటి కేస్ స్టడీ

ఇళ్లలోనూ చిన్న ఆఫీసుల్లోనూ నెట్‌వర్క్ పనులు చేయడం నా వృత్తి. ఈ ఇంట్లో నేను చేసిన మొదటి మరమ్మతు పరిస్థితిని బాగుచేయకపోగా మరికొంత చెడగొట్టింది. అది ఎందుకు చెడగొట్టిందో అర్థం చేసుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది కాబట్టి, ఇదే పని చేసే మరొకరికి ఆ మూడు వారాలు మిగలాలని దీన్ని వివరంగా రాస్తున్నాను. ఆ కుటుంబం అనుమతి తీసుకున్నాను. వాళ్లను గుర్తుపట్టగల వివరాలు వదిలేశాను, కొన్ని మార్చాను. సర్వీస్ ప్రొవైడర్ పేరు ఇక్కడ అవసరం లేదు, ఎందుకంటే లోపం వాళ్ల వైపు లేదని చివరికి తేలింది.

నేపథ్యం

విజయవాడలో బుడమేరు వరద ముంచిన కాలనీల్లో ఒకదానిలో ఉన్న రెండంతస్తుల ఇల్లు ఇది. 2024 సెప్టెంబర్ మొదటి రోజుల్లో కింది అంతస్తులో నాలుగడుగుల నీరు చేరి రోజుల తరబడి నిలిచింది. కింద రిటైరైన మాస్టారు, ఆయన భార్య ఉంటారు. పైన కొడుకు, కోడలు, బడికి వెళ్లే మనవరాలు ఉంటారు. కొడుకు ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు ఇంటి నుంచే పనిచేస్తారు. అమెరికాలో ఉన్నవాళ్లతో మాట్లాడవలసిన ఉద్యోగం కావడంతో ఆయన పని సాయంత్రం ఆరుకు మొదలై అర్ధరాత్రి దాటాక ముగుస్తుంది.

ఇల్లు కట్టినప్పుడే గోడలో పైపు వేసి, కింది హాలు నుంచి పై అంతస్తు పడమటి గది దాకా ఒక లాన్ కేబుల్ లాగించారు. కింది కొస నేలకు అడుగు ఎత్తున ఉన్న గోడ సాకెట్‌లో ముగుస్తుంది. పై కొస నేరుగా ఒక రౌటర్‌లోకి వెళుతుంది. వరదలో పాత ఫైబర్ పెట్టె పోయింది. ప్రొవైడర్ మనుషులు కొత్త పెట్టెను, అంటే ఓఎన్‌టీని, హాలు గోడకు ఆరడుగుల ఎత్తున బిగించి, దాని నుంచి ఒక చిన్న తీగను పాత గోడ సాకెట్‌లోకే గుచ్చి వెళ్లారు. రోజుల తరబడి నీటిలో నానిన ఆ సాకెట్, ఆరిన తర్వాత మామూలుగానే పనిచేసింది. ఇల్లంతా బురద ఎత్తిపోసుకుంటున్న ఆ రోజుల్లో, పనిచేస్తున్న వస్తువును విప్పి చూడాలన్న ఆలోచన ఎవరికి మాత్రం వస్తుంది?

మరో వస్తువును కూడా ఇక్కడే చెప్పాలి. ఆ డిసెంబర్‌లో మనవరాలి ట్యాబ్‌కు సిగ్నల్ సరిగా రావడం లేదని ఒక వైఫై ఎక్స్‌టెండర్ కొని మెట్ల మలుపులో పెట్టారు.

వచ్చిన ఫిర్యాదు

2025 ఏప్రిల్ మూడో వారంలో కొడుకు నాకు ఫోన్ చేశారు. పగలంతా నెట్ బాగానే ఉంటుందని, సాయంత్రం ఆరు దాటాక వీడియో కాల్‌లో మాట తెగి తెగి వినిపిస్తుందని, బొమ్మ కదలకుండా నిలిచిపోతుందని, రాత్రి పది దాటాక దానంతటదే సర్దుకుంటుందని చెప్పారు. మార్చి నుంచీ ఇదే వరస అన్నారు.

నన్ను పిలిచేలోపు వాళ్లు చాలా చేశారు. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 200కు, తర్వాత 300కు పెంచారు. కస్టమర్ కేర్ చెప్పినప్పుడల్లా పెట్టెను ఆపి మళ్లీ ఆన్ చేశారు. ఎవరో స్నేహితుడి సలహా మీద డీఎన్ఎస్‌ను 8.8.8.8కు మార్చారు. ఎండలకు పెట్టె వేడెక్కుతోందేమోనని ప్రొవైడర్ ఒకసారి దాన్నే మార్చి ఇచ్చింది. ఏదీ ఉపకరించలేదు. డీఎన్ఎస్ అనేది సైటు పేరును చిరునామాగా మార్చేంత వరకే పని చేస్తుంది. ఒకసారి కాల్ కలిశాక మాట తెగడానికీ దానికీ సంబంధం ఉండదు. ఇక ప్లాన్ పెంచినా ఎందుకు ఫలితం రాలేదో మొదటి రోజే తెలిసింది.

ఆరు నుంచి పది వరకు అని వినగానే నేను ఇంట్లోంచి బయలుదేరకముందే మనసులో ఒక తీర్పు ఇచ్చేసుకున్నాను. అందరూ ఇళ్లకు చేరి వీడియోలు చూసే వేళ అది, కాబట్టి లైన్ మీద రద్దీ అయి ఉంటుందని అనుకున్నాను. ఆ అనుమానం నిరాధారమైనదేమీ కాదు. ఇళ్లకు ఫైబర్ ఇచ్చే జీపాన్ పద్ధతిలో ప్రొవైడర్ దగ్గరి ఒక పోర్టు నుంచి ఇళ్ల వైపు వచ్చే 2.488 గిగాబిట్ల వేగాన్ని, కాంతిని పాయలుగా చీల్చే స్ప్లిటర్ దాటాక 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. కానీ ఆధారం ఉన్న అనుమానం కాబట్టే దాన్ని పరీక్షించకుండా వదిలేశాను, ఆ ఇంటికి ఉదయం పదకొండు గంటలకు వెళ్లాను. సాయంత్రం వచ్చే ఇబ్బందిని పొద్దున చూడబోవడం ఈ కేసులో నా మొదటి తప్పు.

మొదటి రోజు: 94 అనే అంకె

దారిని ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కను విడిగా కొలవడం నా పద్ధతి. స్తంభం నుంచి ఓఎన్‌టీ వరకు ఒక ముక్క, ఓఎన్‌టీ నుంచి గోడ కేబుల్ మీదుగా పై రౌటర్ వరకు రెండో ముక్క, పై రౌటర్ నుంచి ల్యాప్‌టాప్ వరకు గాలిలో నడిచేది మూడో ముక్క.

ఓఎన్‌టీలో అందుతున్న కాంతి బలం, దాన్ని కొలిచే డీబీఎం లెక్కలో, మైనస్ 21.3 ఉంది. సాధారణంగా వాడే బీ ప్లస్ తరగతి పరికరాలకు మైనస్ 8 నుంచి మైనస్ 27 వరకు పనికివస్తుంది కాబట్టి ఇది ఆరోగ్యకరమైన అంకె. ఓఎన్‌టీకి నా ల్యాప్‌టాప్‌ను తీగతో కలిపితే 288 ఎంబీపీఎస్ వచ్చింది. పైకి వెళ్లి, రౌటర్ నుంచి గోడ కేబుల్‌ను ఊడదీసి అదే ల్యాప్‌టాప్‌కు పెడితే 94 వచ్చింది. మళ్లీ కొలిస్తే మళ్లీ 94.

ఈ పనిలో ఉన్నవాళ్లకు ఆ అంకె పాత పరిచయం. 100 ఎంబీపీఎస్ ఈథర్‌నెట్ లింక్‌లో ప్యాకెట్ల, అంటే డేటా ముక్కల, చిరునామాలకూ మధ్య విరామాలకూ పోగా మనకు దక్కేది 94, 95 మాత్రమే. అంటే గోడలోని కేబుల్ గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) బదులు వందకు పడిపోయి నడుస్తోంది. కేబుల్‌లో ఎనిమిది తీగలు నాలుగు జతలుగా ఉంటాయి. వంద వేగానికి నారింజ, ఆకుపచ్చ జతలు రెండే చాలు. గిగాబిట్‌కు నీలం, గోధుమ రంగు జతలు కూడా కావాలి. ఆ రెండింటిలో ఒక్క తీగ తెగినా రెండు వైపుల పరికరాలు గిగాబిట్ కోసం ప్రయత్నించి, కుదరక, చడీచప్పుడు లేకుండా వందకు దిగిపోతాయి. ఎక్కడా ఎర్ర దీపం వెలగదు. వాళ్ల ప్లాన్ 100 ఉన్నప్పుడు ఈ లోపం కనబడే అవకాశమే లేదు. 200కు, 300కు పెంచినప్పుడు అదనంగా కట్టిన డబ్బంతా ఆ గోడలోనే ఆగిపోయింది.

ఒక్కో తీగకు ఒక్కో దీపం వెలిగే కేబుల్ టెస్టర్ పెట్టాను. టెస్టర్ చిన్న భాగాన్ని కింది సాకెట్‌లో గుచ్చి, పెద్ద భాగంతో పైన చూస్తే నాలుగో దీపం వెలగలేదు. అది నీలం జతలోని తీగ. టెస్టర్‌నే అనుమానించడం నాకు అలవాటు కాబట్టి కిందికి వచ్చి, చిన్న భాగాన్ని సాకెట్ నుంచి తీసి, నా సంచిలోని మంచి తీగతో పరీక్షించాను. టెస్టర్ సరిగానే ఉంది. తిరిగి సాకెట్‌లో గుచ్చి పైకి వెళ్లాను. పై కొసలోని ప్లగ్‌ను చూస్తే క్రింపింగ్, అంటే తీగలను ప్లగ్‌లో నొక్కి బిగించిన తీరు, పాతది, నీలం తీగ చివరిదాకా చేరనట్టు అనిపించింది. దాన్ని కత్తిరించి కొత్త ఆర్‌జే 45 ప్లగ్ బిగించాను. ఎనిమిది దీపాలూ వెలిగాయి. లింక్ గిగాబిట్‌కు వచ్చింది, తీగ మీద 285, పడమటి గదిలోని ఆయన బల్ల దగ్గర వైఫైలో 240 వచ్చింది. అందరం సంతోషించాం. మెట్లు దిగుతుంటే మలుపులో ఎక్స్‌టెండర్ కనబడింది. ట్యాబ్ కోసం పెట్టుకున్నారని చెబితే దాన్ని అలాగే వదిలేశాను.

ఈ పేరాను ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. రెండు పరీక్షల మధ్య నేను చేసిన పని ఒకటి అనుకున్నాను. నిజానికి రెండు చేశాను. పైన ప్లగ్ మార్చాను, కింద సాకెట్‌లోంచి ఒకదాన్ని తీసి మళ్లీ గుచ్చాను. ఫలితాన్ని మొదటిదాని ఖాతాలో వేసుకున్నాను.

బాగుచేసిన తర్వాత

నాలుగు రోజులకు కొడుకు మళ్లీ ఫోన్ చేశారు. "ఇదివరకు నెమ్మదిగానైనా నిలిచి ఉండేదండీ, ఇప్పుడు మొత్తమే పోతోంది. ఐదారు సెకన్లు పోయి మళ్లీ వస్తోంది. పగలు కూడా" అన్నారు. సాయంత్రపు ఇబ్బంది కూడా ఎప్పటిలాగే ఉందన్నారు. ఫోన్‌లోనే నేను వైఫై చానెల్ మార్పించాను. చుట్టుపక్కల ఇళ్ల నెట్‌వర్కులు ఎక్కువగా ఉన్న చోట 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 చానెళ్లలో ఖాళీగా ఉన్నదానికి మారడం మంచి సలహానే, కానీ ఇక్కడ అది అడగని ప్రశ్నకు జవాబు. చానెల్ రద్దీ వల్ల వేగం ఊగిసలాడుతుంది తప్ప, లెక్క పెట్టినట్టు ఐదారు సెకన్లు పూర్తిగా పోయి తిరిగి రావడం అరుదు. ఆ తేడాను నేను వినిపించుకోవలసింది.

రెండోసారి వెళ్లినప్పుడు పై రౌటర్ లాగ్, అంటే అది తనంతట రాసుకునే నమోదుల పట్టిక, తెరిచాను. నేను ప్లగ్ మార్చినప్పటి నుంచి గోడ కేబుల్ లింక్ 63 సార్లు తెగి కలిసింది. కొన్నిసార్లు గిగాబిట్‌కు, కొన్నిసార్లు వందకు. అప్పుడు కింది సాకెట్ మూత విప్పాను.

లోపల ఒండ్రు పలచని పొరగా ఎండి ఉంది. తీగలు కూర్చునే బిగింపుల మీదా, ప్లగ్ ఆనే సన్నని పిన్నుల మీదా పచ్చని చిలుము పట్టి ఉంది. నాలుగో పిన్ను మీద మాత్రం గీత పడినట్టు ఒక మెరుపు ఉంది. ప్లగ్‌ను గుచ్చినప్పుడు పిన్నులు ఒరుసుకుని పైపొర కొంత తొలగిపోతుంది. నేను టెస్టర్‌ను తీసి మళ్లీ గుచ్చినప్పుడు ఆ పిన్ను మీది చిలుము గీసుకుపోయి, నీలం జతకు అరకొర స్పర్శ దొరికింది. పైన నేను కత్తిరించి పారేసిన ప్లగ్‌లో లోపమే లేదు.

ఆ అరకొర స్పర్శే ఈ కొత్త ఇబ్బందికి కారణం. నీలం తీగ పూర్తిగా తెగి ఉన్నంత కాలం లింక్ వంద దగ్గర స్థిరంగా నిలబడింది, ఎందుకంటే దానికి కావలసిన నారింజ, ఆకుపచ్చ జతలు పనిచేస్తున్నాయి. నేను నీలానికి సగం ప్రాణం పోయడంతో పరికరాలు గిగాబిట్ ఎక్కడం, కాసేపటికి నీలం జత జారిపోవడం, లింక్ కూలి మళ్లీ మొదటి నుంచి ఒప్పందం కుదుర్చుకోవడం మొదలైంది. ఆ ఒప్పందానికి పట్టే సమయమే ఆయన చెప్పిన ఐదారు సెకన్లు. నెమ్మదిగా, నిలకడగా ఉన్నదాన్ని వేగంగా, నిలకడ లేనిదిగా మార్చాను. రోజంతా కాల్స్ మీద బతికే మనిషికి ఇది నష్టమే. ఒక హెచ్‌డీ వీడియో కాల్‌కు మూడు, నాలుగు ఎంబీపీఎస్ చాలు. దానికి కావలసింది తెగని లింక్.

ఎనిమిది దీపాల టెస్టర్ కూడా నన్ను మోసం చేసిందనలేను. తీగ కొస నుంచి కొసకు కరెంటు పారుతోందా లేదా అన్నంత వరకే అది చెబుతుంది. ఆ స్పర్శ ఎంత గట్టిది, ఎంతకాలం నిలుస్తుంది అన్నది చెప్పే పరికరం కాదది.

ఆ సాయంత్రం కట్టిన కట్టు

సాకెట్ లోపల బిగింపు దాటి బయటికి పొడుచుకువచ్చిన నీలం తీగ మొనను కత్తితో గీకి చూశాను. పైపూత కింద ఎర్రటి రాగికి బదులు తెల్లటి లోహం కనబడింది. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ అది. చవకగా దొరుకుతుందని ఇలాంటి కేబుల్‌ను క్యాట్ 5ఈ పేరుతోనే అమ్ముతారు కానీ, ఆ ప్రమాణం కోరేది పూర్తి రాగి. అల్యూమినియానికి నిరోధం ఎక్కువ, నాలుగుసార్లు వంచితే విరుగుతుంది, పూత లేచిన చోట తేమ తగిలితే త్వరగా తినేస్తుంది.

అప్పుడు నా ముందు రెండు దారులు ఉన్నాయి. సాకెట్‌ను అప్పటికప్పుడు మార్చవచ్చు, కానీ ముట్టుకుంటే విరిగేలా ఉన్న ఆ తీగలను మళ్లీ బిగించబోయి నారింజ, ఆకుపచ్చ జతల్లో ఒక్కటి పోగొట్టినా, గంటన్నరలో పని మొదలుపెట్టవలసిన మనిషికి ఆ రాత్రి ఏమీ మిగలదు. అందుకని దేన్నీ కదపకుండా మూత పెట్టేసి, ఓఎన్‌టీకీ గోడ సాకెట్‌కూ మధ్య నా సంచిలో ఉన్న పాత ఐదు పోర్టుల నెట్‌వర్క్ స్విచ్‌ను పెట్టాను. అది వంద వేగానికి మించి తెలియని స్విచ్. ఒక వైపు పరికరానికి గిగాబిట్ అనేదే రాకపోతే రెండో వైపు దాని కోసం ప్రయత్నించదు, కాబట్టి నీలం జత ఉన్నా లేనట్టే. వేగం మళ్లీ 94కు దిగింది. తగ్గించి వెళుతున్నానని మాస్టారికి చెప్పవలసి వచ్చినప్పుడు ఆయన కళ్లద్దాలు సరిచేసుకుని, "అంటే జ్వరం తగ్గేదాకా పథ్యమన్నమాట" అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేకపోయేవాణ్ని.

ఈ కట్టు నేను ఊహించని మరో మేలు చేసింది. మూడు రోజుల తర్వాత కొడుకు ఫోన్ చేసి, నెట్ పూర్తిగా పోవడం ఆగిపోయిందని, కానీ ఆరు నుంచి పది వరకు మాట తెగడం మాత్రం అలాగే ఉందని చెప్పారు. అంతవరకు ఒకే జబ్బు అనుకున్నవి రెండుగా విడిపోయాయి. గోడ కేబుల్ ఒక లోపం. సాయంత్రపు లోపం దానికి సంబంధం లేని మరొకటి.

మూడోసారి, ఈసారి సాయంత్రం

ఏడు గంటలకు వెళ్లాను. ముందుగా ఓఎన్‌టీకి నేరుగా తీగ కలిపి కొలిచాను. 281 ఎంబీపీఎస్ వచ్చింది, బయటికి పింగ్, అంటే ఒక ప్యాకెట్ వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, 7 మిల్లీసెకన్లు. లైన్ మీద రద్దీ అనే నా సిద్ధాంతం పది నిమిషాల్లో పోయింది. మొదటి రోజే సాయంత్రం వచ్చి ఉంటే మొదటి రోజే పోయేది. పై అంతస్తుకు వెళ్లి పడమటి గదిలో ఆయన బల్ల దగ్గర వైఫైలో కొలిచాను. అనుకున్నట్టే 94కు దగ్గరగా వచ్చింది, కింది పెట్టెకు పింగ్ 2, 3 మిల్లీసెకన్ల మధ్య కదలకుండా ఉంది. లోపం ఎక్కడా దొరకలేదు. కొడుకు ఆ సమయానికి కాల్‌లో ఉన్నారు, ఎక్కడున్నారో నేను గమనించలేదు.

ఆ గదిలో చెమటలు కారుతుంటే మాస్టారి భార్య మజ్జిగ గ్లాసుతో వచ్చి, "ఇక్కడ కూర్చున్నావేం బాబూ, ఈ గది కొలిమి. పొద్దంతా పడమటి గోడ కాగుతుంది, రాత్రి పదింటిదాకా చల్లారదు. వాడు కూడా అప్పటిదాకా తూర్పు గదిలో ఏసీ వేసుకుని కూర్చుంటాడు" అన్నారు.

ఆ మాటతో ఫిర్యాదు అంతా తిరగబడి అర్థమైంది. మార్చి అంటే ఎండలు ముదిరిన నెల. ఆరు అంటే ఆయన పని మొదలయ్యే వేళ, పది అంటే పడమటి గది చల్లారే వేళ. నేను పట్టుకున్న గడియారం ఇంటర్నెట్‌ది కాదు, ఆ గోడది. "ఎప్పుడు వస్తుంది" అని మూడుసార్లు అడిగిన నేను "ఎక్కడ కూర్చున్నప్పుడు వస్తుంది" అని ఒక్కసారీ అడగలేదు. ఆయన దాచిందేమీ లేదు. ఇంట్లో గది మారడం కూడా చెప్పవలసిన విషయమని ఎవరికీ తట్టదు.

తూర్పు గదికీ పడమటి గదికీ మధ్య మెట్ల గది, స్నానాల గది ఉన్నాయి. రెండు గోడలు, టైల్స్ దాటి పై రౌటర్ సిగ్నల్ అక్కడికి నీరసంగా వస్తుంది. దానికంటే మెట్ల మలుపులోని ఎక్స్‌టెండర్ దగ్గర. అన్నిటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టి ఉండడంతో ఆయన ల్యాప్‌టాప్ తూర్పు గదికి వెళ్లగానే ఎక్స్‌టెండర్‌ను పట్టుకునేది. ఆ రకం ఎక్స్‌టెండర్ విన్నదాన్ని అదే చానెల్ మీద మళ్లీ పలుకుతుంది కాబట్టి ప్రతి ప్యాకెట్‌కూ గాలిని రెండుసార్లు వాడుకుంటుంది. పైగా దానికి కింది పెట్టె సిగ్నలే స్లాబు దాటి అరకొరగా అందుతోంది. ఏసీ గదిలో నిలబడి కొలిస్తే 11 ఎంబీపీఎస్ వచ్చింది. అంకెగా అది ఒక కాల్‌కు చాలు. కానీ అదే ఇంట్లో ఉన్న కింది పెట్టెకు పింగ్ 4 నుంచి 900 మిల్లీసెకన్ల మధ్య గెంతుతోంది. ఇంటి గడప దాటకముందే ముప్పావు సెకను, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఆలస్యమవుతుంటే మాట తెగక ఏం చేస్తుంది? సొంత ఇంట్లోని పెట్టెకు చేసే ఈ పింగ్‌ను నేను స్పీడ్ టెస్ట్ కంటే ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే లోపం గడపకు ఇవతల ఉందో అవతల ఉందో అది ఒక్క నిమిషంలో తేల్చేస్తుంది.

ఎక్స్‌టెండర్‌ను ఆ క్షణమే ఆపేశాను. ల్యాప్‌టాప్ పై రౌటర్‌కే కలిసి, నీరసమైన సిగ్నల్‌తోనైనా పింగ్ 40 లోపుకు దిగింది. ఆ రాత్రి కాల్స్ గడిచాయి.

శాశ్వతంగా చేసినది

గోడ కేబుల్‌ను మార్చడానికి మొదట పైపులోనే కొత్తది లాగాలనుకున్నాను. పాత కేబుల్‌ను పట్టి లాగితే కదలలేదు. ఎలక్ట్రీషియన్ పైపులోకి తీగ లాగే స్ప్రింగ్ వేస్తే సాకెట్ నుంచి నాలుగడుగుల లోపే వంపు దగ్గర ఆగిపోయింది. నీటితో వచ్చిన ఒండ్రు పైపులో గట్టిపడింది. గోడ కొడితే దారి దొరుకుతుంది. కానీ వరద తర్వాత ఆ కుటుంబం పూత పని చేయించుకుని ఏడాది కూడా కాలేదు, మళ్లీ గోడ పగలగొట్టమని అడగడానికి నాకు నోరు రాలేదు.

అప్పుడు ప్రశ్ననే మార్చుకున్నాను. కింది పెట్టె నుంచి పైకి కేబుల్ ఎలా తీసుకువెళ్లాలి అని కాకుండా, పెట్టె కింద ఎందుకు ఉండాలి అని ఆలోచించాను. ఫైబర్ స్తంభం నుంచి పై అంతస్తు ఎత్తునే వచ్చి, బాల్కనీ పక్కగా కిందికి దిగుతోంది. ఎక్కువ అవసరం ఉన్న మనిషి పైన ఉన్నారు. వరద తర్వాత ఇన్వర్టర్‌ను కూడా పైకే చేర్చారు. ఓఎన్‌టీ పైన ఉంటే మరోసారి నీళ్లు వచ్చినా ఇంటికి బయటి ప్రపంచంతో సంబంధం మిగులుతుంది. 2024లో ఆ రోజుల్లో పడవల కోసం, పాల ప్యాకెట్ల కోసం ఎదురుచూస్తూ ఫోన్ కలవక వాళ్లు పడిన బాధ విన్నాక, ఈ కారణం నాకు వేగం కంటే పెద్దదిగా కనబడింది.

మజ్జిగ మాట వినకముందు నేను ఓఎన్‌టీని పడమటి గదిలో, బల్ల పక్కన పెట్టించాలనే అనుకున్నాను. అలా చేసి ఉంటే వేసవి పొడవునా ఏసీ గదిలో పాత కథే నడిచేది. అందుకని రెండు గదుల మధ్యనున్న నడవాలో, ఒక్కో గదికి ఒక్క ఇటుక గోడే అడ్డుండే చోటు ఎంచుకున్నాం. ప్రొవైడర్ తరఫున వచ్చిన కుర్రవాడు నేర్పున్నవాడు. కిటికీ చట్రం మూలలో ఫైబర్‌ను మడత పెట్టకుండా గుండ్రంగా తిప్పమని అడిగితే విసుక్కోకుండా తిప్పాడు. సాధారణ జీ.652 రకం ఫైబర్‌ను 30 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కంటే బిగువుగా వంచితే కాంతి బయటికి జారుతుంది. ఇళ్ల కోసం వచ్చిన జీ.657 ఏ1 రకం 10 మిల్లీమీటర్ల వరకు ఓర్చుకుంటుంది. అక్కడున్నది ఏ రకమో తొడుగు మీద అక్షరాలు చెరిగిపోయి తెలియలేదు కాబట్టి పెద్ద వంపే క్షేమం. మార్చిన తర్వాత కాంతి బలం మైనస్ 21.1 వచ్చింది.

పాత పై రౌటర్‌ను కింది హాలుకు దింపి, మాస్టారి ఫోన్లకూ టీవీకీ వదిలేశాం. పై నుంచి దానికి ఎండకు తట్టుకునే నల్ల తొడుగున్న పూర్తి రాగి క్యాట్ 6 కేబుల్‌ను మెట్ల బయటి గోడ వెంట 18 మీటర్లు వేశాను. కొనేటప్పుడే దుకాణంలో ఒక తీగ మొన గీకి చూసుకున్నాను. గోడ మీద వరద నీటి చార ఇంకా లీలగా కనబడుతోంది. రౌటర్‌ను దానికి రెండడుగుల పైన బిగించాను. కేబుల్ లోపలికి వచ్చే రంధ్రాన్ని బయటికి వాలుగా తొలిచి, రంధ్రానికి ముందు కేబుల్‌ను కిందికి ఒక చిన్న ఉచ్చులా వదిలాను, వాన నీరు దాని వెంట లోపలికి పారకుండా అక్కడే బొట్లుగా రాలిపోవాలని. గోడలోని పాత కేబుల్‌ను రెండు కొసలా కత్తిరించి మూత వేశాను, తెలియక ఎవరూ మళ్లీ వాడకుండా.

పని అయ్యాక సాయంత్రం ఏడున్నరకు, మనవరాలు వీడియో చూస్తుండగా, కోడలి ఫోన్ ఫొటోలను క్లౌడ్‌కు ఎక్కిస్తుండగా కొలిచాను. తూర్పు గదిలో 190, పడమటి గదిలో 260. అంత వాడకంలోనూ బయటికి పింగ్ 7 నుంచి 34 మిల్లీసెకన్లకు మాత్రమే పెరిగింది. ఖాళీ లైన్ మీద తీసిన అంకెలను నేను ఫలితంగా లెక్కపెట్టను. తర్వాతి నెల వాళ్లు ప్లాన్‌ను 100కే తగ్గించుకున్నారు. ఆ మాట నేనే చెప్పాను.

నా పనిలో మారినవి

ఫిర్యాదులో ఏ వేళ చెబితే ఆ వేళకే వెళుతున్నాను, కుదరకపోతే ఆ వేళకు ఇంట్లోవాళ్లతో ఓఎన్‌టీ దగ్గర తీగతో ఒక కొలత తీయిస్తున్నాను. "ఎప్పుడు" తర్వాత "ఎక్కడ, ఏ కుర్చీలో" అని అడుగుతున్నాను. ఇంట్లో వైఫై పలికే పెట్టెలన్నిటినీ, ఎవరి కోసం పెట్టుకున్నవైనా, ముందే కాగితం మీద రాసుకుంటున్నాను. ఆ మెట్ల మలుపును నేను మొదటి రోజు పలుమార్లు దాటాను.

రెండు పరీక్షల మధ్య ఒక్కటే మార్చాలన్న నియమం నాకు ఎప్పటినుంచో తెలుసు. తీసి మళ్లీ గుచ్చడం కూడా మార్చడమేనని తెలియదు. ఇప్పుడు ఒక కొస బాగుచేశాక రెండో కొసను కదపకుండా మళ్లీ కొలుస్తాను, ఆ తర్వాత దాన్ని కావాలని కదిపి చూస్తాను. కదిపితే ఫలితం మారితే లోపం అక్కడే ఉందని అర్థం. లింక్ గిగాబిట్‌కు వచ్చిందని చూసి వచ్చేయడం మానేశాను. రెండు రోజుల తర్వాత రౌటర్ లాగ్ ఫొటో పంపమంటున్నాను. సింగ్ నగర్ వైపు గానీ, బుడమేరు ముంచిన మరే వీధికి గానీ వెళితే, నేలకు దగ్గరగా ఉన్న ప్రతి సాకెట్ మూతనూ పనిచేస్తున్నా సరే విప్పి చూస్తున్నాను. నీటిలో నానిన తీగ వెంటనే చనిపోదు, ఎనిమిది నెలల తర్వాత వచ్చిన ఫిర్యాదు వరదదేనని ఇంట్లోవాళ్లకు గానీ మనకు గానీ తోచదు.

జూలై మధ్యలో, రెండు గట్టి వానలు పడ్డాక, వేరే పని మీద ఆ వీధికి వెళ్లినప్పుడు ఆగి చూశాను. మెట్ల గోడ తడిగా ఉంది. రంధ్రం దగ్గర లోపలి సున్నం పొడిగా ఉంది. రౌటర్ లాగ్‌లో 41 రోజులకు గాను లింక్ తెగినట్టు ఒకే ఒక్క నమోదు ఉంది. అది మాస్టారు దుమ్ము దులుపుతూ ప్లగ్ పీకిన రోజుది.